సక్యులెంట్ మడుల్లో మొక్కలు ఉన్నట్టుండి చనిపోతున్నాయి. ఏం చేయాలి?

ప్రశ్న: నేలపై పరుచుకునే సెడమ్, ఐస్‌ప్లాంట్ వంటి సక్యులెంట్ (ఆకుల్లో, కాడల్లో నీరు దాచుకునే) రకాలను మడుల్లో పెంచుతున్నాం. మొన్నటిదాకా పచ్చగా ఉన్నవి వానల తర్వాత అక్కడక్కడా గుండ్రంగా వాలిపోయి, మొదళ్లు నల్లబడి చనిపోతున్నాయి. నీరు పెంచాం. బూజు తెగుళ్లకు వాడే కార్బెండజిమ్ మందు కూడా పోశాం. ఫలితం లేదు.

జవాబు: ముందు నీరు ఆపేయండి. మందు సంగతి తర్వాత చూద్దాం.

ఈ మొక్కలు మీకు ఉన్నట్టుండి చనిపోయినట్టు కనిపిస్తున్నాయి గానీ, నష్టం చాలా ముందే మొదలై ఉంటుంది. ఆకుల్లో, కాడల్లో నీటి నిల్వ ఉండటం వల్ల వేర్లు కుళ్లినా కొన్నాళ్లు పైకి ఏమీ తెలియదు. నిల్వ అయిపోగానే మొక్క ఒక్కసారిగా వాలుతుంది. వేర్లు పోయిన మొక్క తడి నేలలో ఉన్నా ఎండకు వాడినట్టే కనిపిస్తుంది. అది చూసి నీరు పెంచితే మిగిలిన వేర్లూ కుళ్లిపోతాయి.

ఇప్పుడు ఒక మొక్కను తవ్వి చూడండి. మొక్కలు వాలిపోయిన గుండ్రని మచ్చ నడుమ పూర్తిగా చచ్చినది వద్దు. అందులో తర్వాత చేరిన బూజులే ఎక్కువగా ఉంటాయి. పచ్చకూ ఎండుకూ మధ్య అంచున, సగం వాడిన మొక్కను మట్టితో సహా తీయండి. వేరును వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగితే పైతోలు ఊడి, లోపల దారం లాంటి నార మిగిలితే పైథియం (తడి నేలలో పెరిగే బూజులాంటి సూక్ష్మజీవి) వంటి వాటితో వచ్చే వేరుకుళ్లు అనుకోవచ్చు. మొదలు దగ్గర తెల్లని బూజు, దానిపై ఆవగింజల్లాంటి గోధుమరంగు గుండ్లు ఉంటే అది స్క్లెరోషియం మొదలుకుళ్లు. కాడను అడ్డంగా కోస్తే లోపల గోధుమరంగు వలయం కనిపించిందా? అయితే ఫ్యుజేరియం ఎండు తెగులు కావచ్చు. వేర్ల మీద తెల్లని పిండినల్లి ఉందేమో, బుడిపెలు ఉన్నాయేమో కూడా చూడండి. బుడిపెలుంటే నులిపురుగుల పని.

మచ్చలు గుండ్రంగా ఉండి, వానల తర్వాత మొదలయ్యాయి కాబట్టి నా అనుమానం మొదటి రెండింటి మీదే. పైథియంపై కార్బెండజిమ్ పనిచేయదు. మందు పేరు కంటే ముందు తెగులు పేరు తేల్చుకోవాలని చెప్పేది ఇందుకే. వేరుకుళ్లు అని తేలితే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందును లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి, మచ్చల చుట్టూ ఉన్న మొక్కల మొదళ్లు తడిసేలా పోయండి. స్క్లెరోషియం అయితే ఈ మందుతో లాభం లేదు. దాని గుండ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. అందువల్ల మచ్చ చుట్టూ జానెడు మేర పచ్చని మొక్కలను కూడా కలిపి, పైమట్టితో సహా తీసేయాలి. తీసిన చెత్తను కంపోస్టు గుంతలో మాత్రం వేయకండి.

మందు ఏదైనా, మడిలో నీరు నిలుస్తుంటే తెగులు మళ్లీ వస్తుంది. మడిని ఎత్తు చేసి, ముతక ఇసుక కలపండి. పైమట్టి బాగా ఆరాకే మళ్లీ తడి ఇవ్వండి.

రకాన్ని నిలుపుకోవడానికి మచ్చలకు దూరంగా ఉన్న కొమ్మల చివర్లు కత్తిరించండి. కోసిన చోట గోధుమరంగు కనిపిస్తే పారేయండి. శుభ్రంగా ఉన్నవాటిని రెండు మూడు రోజులు నీడలో ఉంచి, కోత ఆరాక కొత్త మట్టిలో నాటండి. ఇంకా అనుమానం ఉంటే అంచున ఉన్న మొక్కను వేర్లు, మట్టితో పాటు కాగితంలో చుట్టి తెగుళ్ల పరీక్షా కేంద్రానికి పంపండి. తడి ప్లాస్టిక్ సంచిలో పెడితే దారిలోనే కుళ్లి, పరీక్షకు పనికిరాదు.