గోపాలన్ గారి హెచ్-ఇండెక్స్ ఎంత అని కాదు, ఆయన మాట ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి

ప్రశ్న: ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) రెండో సంవత్సరం చదువుతున్నాను. ఒక ప్రజారోగ్య పరిశోధకుడి ప్రచురణలు, వాటి ప్రభావం మీద సెమినార్ ఇవ్వాలి. జాతీయ పోషకాహార సంస్థ డైరెక్టర్‌గా చేసిన డాక్టర్ సి. గోపాలన్‌ని ఎంచుకున్నాను. పేపర్ల సైటేషన్లు లెక్కపెట్టే గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె వస్తోంది, అలాంటిదే అయిన స్కోపస్‌లో అందులో సగం కూడా రావడం లేదు. ఏ హెచ్-ఇండెక్స్ రాయాలి?

జవాబు: అసలు హెచ్-ఇండెక్స్ రాయకపోయినా నష్టం లేదు. గైడ్ తప్పదంటే ఎక్కడ చూశారు, ఏ తేదీన చూశారు అన్నవి పక్కనే పెట్టి ఒక్క లైన్లో రాసేయండి. ఎందుకంటున్నానో ముందు లెక్కతోనే చెబుతాను. సైటేషన్ అంటే ఒక పేపర్‌ని ఇంకో పేపర్ ఉటంకించడం. హెచ్ 5 అంటే ఒక్కోదానికి కనీసం 5 సైటేషన్లు ఉన్న పేపర్లు 5 ఉన్నాయని.

ఒకాయనవి ఏడు పేపర్లు, వాటికి సైటేషన్లు వరసగా 40, 22, 15, 9, 6, 5, 3 అనుకోండి. అయిదో పేపర్‌కి 6 ఉన్నాయి, ఆరోదానికి 5 మాత్రమే. కాబట్టి హెచ్ 5. ఇప్పుడు 5 ఉన్నదీ 3 ఉన్నదీ ఒకే పేపర్ అనీ, టైటిల్ తప్పుగా పడి రెండు ఎంట్రీలుగా చీలిందనీ తేలింది. కలిపితే 40, 22, 15, 9, 8, 6. హెచ్ 6 అయిపోయింది. ఎవరూ కొత్తగా ఏమీ రాయలేదు, ఒక క్లరికల్ తప్పు సరిదిద్దారంతే. గోపాలన్ గారి విషయంలో ఇలాంటి చీలికలు కుప్పలుగా ఉంటాయి. హెచ్-ఇండెక్స్ అన్నది 2005లో వచ్చిన కొలత, ఆయన మొదటి పేపర్లు 1940ల నాటివి.

స్కోపస్‌లో తక్కువ రావడానికి కారణం వేరు. అందులో రిఫరెన్సుల లెక్క 1970 నుంచే ఉంది. ఆయన 1960లో రాసిన పేపర్‌ని ఆ తర్వాతి పదేళ్లలో ఎంతమంది ఉటంకించినా ఆ లెక్కలోకి రారు. ఒక పేపర్ గురించి ఎక్కువ చర్చ జరిగే కాలం సాధారణంగా అదే. స్కాలర్ దీనికి పూర్తిగా తిరుగు. థీసిస్, పుస్తకం, రిపోర్టు, ఒకే పేపర్ రెండు సైట్లలో ఉన్న కాపీలు, అన్నీ లెక్కే. మీ కాలేజీలో వెబ్ ఆఫ్ సైన్స్ (ఇంకో సైటేషన్ డేటాబేస్) ఉంటే పాత సంవత్సరాల ప్యాకేజీ కూడా కొన్నారో లేదో లైబ్రేరియన్‌ని అడగండి. లేకపోతే అక్కడా ఇదే గతి.

ముందు జాబితా తయారు చేయండి. వైద్య పేపర్ల జాబితా ఉండే పబ్‌మెడ్‌లో ఇంటిపేరు స్థానంలో గోపాలన్, ఇనీషియల్ సి పెట్టి వెతికితే వేరే గోపాలన్‌లు కూడా వస్తారు. పాత రికార్డుల్లో సంస్థ పేరు ఉండదు, చాలావాటికి అబ్‌స్ట్రాక్ట్ కూడా ఉండదు. అందుకని సబ్జెక్టు చూసి ఏరుకోవాలి. సంస్థ పేరుతో వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 1918లో కూనూర్‌లో బెరిబెరి ఎంక్వైరీ యూనిట్‌గా పుట్టి, న్యూట్రిషన్ రిసెర్చ్ లాబొరేటరీస్ అయి, 1958లో హైదరాబాద్‌కి మారి, 1969లో ఎన్‌ఐఎన్ అయింది. ఎన్‌ఐఎన్ అని మాత్రమే కొడితే అసలైన కాలం మొత్తం జారిపోతుంది.

కాళ్ల మంటల మీద ఆయన 1946లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాసిన పేపర్ చూడండి. ఆ గెజిట్ పాత సంచికలు పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితంగా ఉన్నాయి, పేజీల స్కాన్లుగా. ఆ జబ్బుని గ్రియర్సన్-గోపాలన్ సిండ్రోమ్ అంటారు. పేరు పాఠ్యపుస్తకంలోకి ఎక్కేశాక మూల పేపర్‌ని ఉటంకించే అవసరం ఎవరికీ ఉండదు. ఇంతకన్నా గట్టి ప్రభావం ఏముంటుంది? కానీ సైటేషన్ లెక్కలో అది దాదాపు సున్నాలా కనిపిస్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణ, ‘న్యూట్రిటివ్ వాల్యూ ఆఫ్ ఇండియన్ ఫుడ్స్’. గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ పేర్లతో 1971లో వచ్చింది, 1989లో నరసింగరావు, దేవస్థలే, పంత్ సవరించారు. స్కాలర్‌లో ఇది రకరకాల సంవత్సరాలతో, రకరకాల స్పెల్లింగులతో పదుల ఎంట్రీలుగా కనిపిస్తుంది, ఎందుకంటే ఎవరి దగ్గర ఏ రీప్రింట్ ఉంటే ఆ సంవత్సరం వేశారు. ఉటంకించినవాళ్లలో ఎక్కువమందికి కావలసింది తోటకూరలో ఇనుము ఎంత, రాగుల్లో కాల్షియం ఎంత అన్న అంకె. అది వాడకం. ఆయన ఆలోచనతో ఒప్పుకున్నారా లేదా అన్నది దానిలో తేలదు. పైగా పుస్తకానికి వేల సైటేషన్లు ఉన్నా హెచ్-ఇండెక్స్‌లో అది ఒక్కటిగానే పడుతుంది. కాబట్టి ఈ పుస్తకాన్ని వేరే స్లైడ్‌లో పెట్టండి, మొత్తంలో కలపకండి. 2017లో 528 ఆహార పదార్థాలతో ఎన్‌ఐఎన్ కొత్త పట్టికలు తెచ్చింది. ఆ తర్వాత కూడా పాత పుస్తకాన్నే వాడుతున్న పేపర్లు ఉంటే అది అలవాటు అనుకోవచ్చు.

ఇప్పుడు అసలు పని. ఆయన చెప్పిన విషయాల్లో మూడు నాలుగు ఎంచుకుని ఒక్కొక్కటి ఎక్కడిదాకా వెళ్లిందో వెంబడించండి. నేనైతే ఇవి తీసుకుంటాను.

పెల్లాగ్రా (నియాసిన్ అనే బి విటమిన్ లోపంతో వచ్చే జబ్బు): మొక్కజొన్న తినేవాళ్ల జబ్బు అని ప్రపంచమంతా అనుకుంటున్న రోజుల్లో, దక్కను ప్రాంతంలో జొన్న తినేవాళ్లకి అది రావడం ఎందుకన్నది ప్రశ్న. 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య లాన్సెట్‌లో రాసిన పేపర్ జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని వేలెత్తి చూపింది. ట్రిప్టోఫాన్ నుంచి శరీరం నియాసిన్ తయారుచేసుకునే దారికి లూసిన్ అడ్డం పడుతుందని వాదన. 1975లో గోపాలన్, జయరావు ఈ వాదనంతా ఒక పెద్ద సమీక్షగా రాశారు. మరికొన్ని ల్యాబుల్లో ఎలుకల మీద, కోడిపిల్లల మీద చేసిన ప్రయోగాలు దీనితో ఏకీభవించలేదు. సైటేషన్ సంఖ్యలో ఒప్పుకున్నవాడూ కాదన్నవాడూ ఒకటే, ఇద్దరికీ ఒక్కో మార్కు. అందుకని ఉటంకించిన పేపర్లు తెరిచి ఆ వాక్యం చదవక తప్పదు. మూడు కాలాలు పెట్టుకోండి: 1980కి ముందు, 1980 నుంచి 2000, ఆ తర్వాత. కాలానికి 7 చొప్పున 21 పేపర్లు చాలు. ఒక్కోదానికి ఒక గుర్తు వేయండి: సమర్థన, ఖండన, ముందుమాటలో మొక్కుబడి, పద్ధతి వాడకం. చివరి కాలంలో మొక్కుబడి ఎన్ని, నిజంగా వాదించినవి ఎన్ని అన్నదే మీ స్లైడ్.

పిల్లల పోషకాహార లోపం: ఒకే ఊళ్లో, ఇంచుమించు ఒకే తిండి తినే పిల్లల్లో కొందరికి క్వాషియార్కర్ (ఒళ్లు వాచే రకం), కొందరికి మరాస్మస్ (బాగా చిక్కిపోయే రకం) వస్తున్నాయని, తేడా ప్రోటీన్ పాళ్లలో లేదని, శరీరం సర్దుకునే తీరులో ఉందని ఆయన 1968లో ఒక సంకలనంలో అధ్యాయంగా రాశారు. పుస్తకంలో అధ్యాయం కాబట్టి పబ్‌మెడ్‌లో దొరకదు. సంపాదకులు మెకాన్స్, విడోసన్ పేర్లతో స్కాలర్‌లో వెతకండి. దీనికి జతగా 1973లో అమెరికన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్‌లో వచ్చిన పేపర్ చదవండి. రోజుకి 310 కేలరీలు, 3 గ్రాముల ప్రోటీన్ మాత్రమే అదనంగా ఇస్తే పిల్లల ఎత్తూ బరువూ మెరుగుపడ్డాయి. ఖరీదైన ప్రోటీన్ పొడులు అక్కర్లేదు, ఇంట్లో తినే తిండే కడుపునిండా పెడితే చాలావరకు సరిపోతుంది అన్న వాదనకి ఈ అంకెలే బలం. ఈ రెంటినీ విడివిడిగా కాక జతగా చూపిస్తే సెమినార్ నిలబడుతుంది.

విటమిన్ ఎ: జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. పిల్లలకి ఏడాదికోసారి 3 లక్షల యూనిట్ల మోతాదు నోటి ద్వారా ఇచ్చి చూసిన క్షేత్ర పరీక్ష 1970లో అచ్చయింది. రచయితలు స్వామినాథన్, సుశీల, తిమ్మాయమ్మ. గోపాలన్ పేరు లేదు, ఆయన అప్పుడు డైరెక్టర్. కాబట్టి ‘ఆయన పేపర్’ అనకండి, ‘ఆయన నడిపిన సంస్థ పని’ అనండి. ఈ స్వామినాథన్ ఎం.సి., వరి గోధుమల ఎం.ఎస్. కాదు, మైసూరు పాఠ్యపుస్తకాల ఎం. స్వామినాథన్ కూడా కాదు. ఈ ముగ్గుర్నీ కలిపేసిన స్లైడ్లు కాలేజీల్లో కొత్త కాదు. అదే ఏడాది మొదలైన జాతీయ కార్యక్రమంలో మోతాదు ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్లయింది. పేపర్‌లో ఉన్నదానికీ పాలసీలో అమలైనదానికీ తేడా చూపించడం ప్రభావాన్ని కొలవడంలో సగం పని. ఇప్పుడైతే 9వ నెలలో 1 లక్షతో మొదలై అయిదేళ్లలోపు 9 మోతాదులు, మొత్తం 17 లక్షల యూనిట్లు. ఇంకో మెలిక: తర్వాతి కాలంలో గోపాలన్ గారే ఈ పెద్ద మోతాదుల్ని ఏళ్ల తరబడి సాగదీయడాన్ని గట్టిగా వ్యతిరేకించి, ఆకుకూరల వైపు, తిండి వైపు రమ్మన్నారు. ఆ వ్యాసం ఆయన స్థాపించిన న్యూట్రిషన్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా బులెటిన్‌లో ఉంది.

బులెటిన్‌ని అందుకే వదలొద్దు. 1982లో డేవిడ్ సెక్లర్ అనే ఆర్థికవేత్త పేద దేశాల పొట్టి పిల్లలు ‘చిన్నగా ఉన్నా ఆరోగ్యంగానే’ ఉన్నారని ప్రతిపాదించారు. 1983లో గోపాలన్ దానికి ఇచ్చిన సమాధానం ఆ బులెటిన్‌లోనే అచ్చయింది. పేదలకైతే చిన్నగా ఉన్నా చాలు, డబ్బున్నవాళ్లకి మాత్రం చాలదా అని టైటిల్‌లోనే నిలదీశారు. మెడికల్ ఇండెక్సుల్లో దీని జాడ వెతికితే నిరాశే. ఉటంకించినవి ఎక్కువగా ఆర్థికశాస్త్రం, అభివృద్ధి అధ్యయనాల పుస్తకాల్లో ఉంటాయి. స్కాలర్‌లో టైటిల్‌ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి, ప్రశ్నార్థకం ఉన్నదీ లేనిదీ రెండూ ప్రయత్నించండి.

పనిముట్ల సంగతి. హార్జింగ్ గారి పబ్లిష్ ఆర్ పెరిష్ ఉచిత సాఫ్ట్‌వేర్, స్కాలర్ ఫలితాల్ని ఎక్సెల్‌లోకి తెస్తుంది. ఒక్క వెతుకులాటకి 1000 ఫలితాలు దాటవు, కాబట్టి సంవత్సరాల వారీగా ముక్కలు చేయండి. గబగబా కొడితే గూగుల్ క్యాప్చా అడిగి ఆపేస్తుంది, కాస్త ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. వచ్చాక టైటిల్ కాలమ్‌ని అక్షరక్రమంలో పెట్టి డూప్లికేట్లు చేత్తోనే కలపండి, ఫార్ములాతో కలిపితే తప్పులు పడతాయి. కాలమ్‌లు ఇవి చాలు: సంవత్సరం, టైటిల్, ఎక్కడ అచ్చయింది, రచయితల్లో ఆయన ఎన్నో స్థానం, ఒక వాక్యంలో వాదన, స్కాలర్ అంకె, స్కోపస్ అంకె, చూసిన తేదీ.

సహరచయితల పేర్లు మన తెలుగు పేర్లయితే మరో చిక్కు. బి.ఎస్. నరసింగరావు ఒకచోట నరసింగరావు బి.ఎస్., ఇంకోచోట రావు బి.ఎస్.ఎన్., మరోచోట ఉత్త రావు బి.ఎస్. అని పడతారు. వినోదిని రెడ్డి గారు ‘రెడ్డి వి.’ అయిపోతే ఆ పేరుతో దేశంలో ఎంతమంది ఉంటారో చెప్పక్కర్లేదు. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే ఓఆర్‌సీఐడీ గుర్తింపు నంబర్లు 2012లో వచ్చాయి, ఈ తరానికి పనికిరావు. పేరుతో కాకుండా పేపర్ టైటిల్‌తో వెతికితే ఈ గొడవలో చాలావరకు తప్పుతుంది.

తార్నాకలోని ఎన్‌ఐఎన్ లైబ్రరీకి వెళ్లే వీలుంటే 1960, 70ల వార్షిక నివేదికలు అడగండి. ఏ పని ఎవరి బల్ల మీద మొదలైందో, ఎవరి పేరుతో అచ్చయిందో పోల్చి చూడటానికి వాటిని మించినవి లేవు. వెళ్లేముందు ఫోన్ చేసి అనుమతి సంగతి కనుక్కోండి, కాలేజీ నుంచి లెటర్ పట్టుకెళ్లండి.