కిడ్నీ మార్పిడి తరువాత మూత్రంలో బ్యాక్టీరియా కనిపిస్తే మందు వాడాలా?

పొదిలి నుంచి ప్రశ్న పంపినవారికి నమస్కారం. మీ అన్నయ్యగారికి కిడ్నీ మార్పిడి జరిగి ఏడాది దాటిందనీ, జ్వరం గానీ మంట గానీ లేవనీ, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ ఎప్పటిలాగే ఉందనీ, అయినా మూత్రం కల్చర్‌లో (క్రిములను పెంచి చూసే పరీక్షలో) లక్షకు పైగా ఈ.కోలై అనే బ్యాక్టీరియా వచ్చిందనీ రాశారు. దగ్గరలోని డాక్టరు ఇంజెక్షన్లు మొదలుపెడదామంటుంటే, మార్పిడి చేసిన చెన్నై డాక్టరు ఏమీ అక్కర్లేదంటున్నారని, ఎవరి మాట వినాలని అడిగారు. నేను డాక్టరును కాను. అమ్మ ఇచ్చిన కిడ్నీతో కావలిలో ఉంటున్నవాణ్ణి. మీరు చెప్పిన వివరాలను బట్టి చెన్నై డాక్టరు మాటే సరైనదని నా అభిప్రాయం.

మూత్రంలో బ్యాక్టీరియా ఉండడం వేరు, అది జబ్బు చేయడం వేరు. ఒక మిల్లీలీటరు మూత్రంలో లక్ష కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు) పెరిగినా, మనిషికి ఏ బాధా లేకపోతే దానిని ఇన్ఫెక్షన్‌గా లెక్కించరు. రిపోర్టులో చీము కణాలు ఎక్కువగా కనిపించినా, వాటిని మాత్రమే చూసి మందు మొదలుపెట్టరు. మార్పిడి జరిగి నెల దాటినవారిలో, లక్షణాలు లేనప్పుడు ఇలాంటి బ్యాక్టీరియాను వెతకవద్దనీ, కనిపించినా యాంటీబయాటిక్ ఇవ్వవద్దనీ అమెరికాలోని అంటువ్యాధుల నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాలలో స్పష్టంగా చెప్పింది. ఫ్రాన్స్, బెల్జియం దేశాలలో మార్పిడి జరిగి రెండు నెలలు దాటినవారిపై చేసిన ఒక అధ్యయనం 2021లో వెలువడింది. అందులో మందు వాడినవారికి ఆ తరువాతి ఏడాదిలో ఇన్ఫెక్షన్లు తగ్గలేదు సరికదా, వారి మూత్రంలో మందులకు లొంగని బ్యాక్టీరియా ఎక్కువగా కనిపించింది. నా విషయంలోనూ ఇటువంటి రిపోర్టే వచ్చినప్పుడు డాక్టరు మందు రాయకపోగా, బాధ ఏదీ లేకుండా కల్చర్ చేయించవద్దని చెప్పారు. చేతిలో రిపోర్టు పెట్టుకుని మందు వేసుకోకుండా ఉండడం ఇంట్లోవాళ్లకు ఎంత కష్టమో నాకు తెలుసు, మా అమ్మ అయితే చాలా రోజులు ఒప్పుకోలేదు.

అయితే దీనికి మినహాయింపులు ఉన్నాయి. మార్పిడి జరిగిన తొలి వారాలలో, మూత్రనాళంలో డీజే స్టెంట్ (మార్పిడి సమయంలో పెట్టే సన్నని గొట్టం) ఉన్నప్పుడు, మూత్రమార్గంలో గొట్టం పంపి చేసే చికిత్సలకు ముందు, గర్భిణులకు, కారణం తెలియకుండా క్రియాటినిన్ పెరిగినప్పుడు డాక్టర్ల నిర్ణయం వేరుగా ఉండవచ్చు. మొదటి నెలల్లో రోజూ వేసుకోమనే సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ మాత్ర ముఖ్యంగా ఒక రకం న్యుమోనియా రాకుండా ఇచ్చేదే అయినా, మూత్ర ఇన్ఫెక్షన్లను కూడా కొంత అడ్డుకుంటుంది కనుక దానిని సొంతంగా మానకూడదు.

నాకు నిజమైన ఇన్ఫెక్షన్ వచ్చింది ఆ తొలి కాలంలోనే, స్టెంట్ ఇంకా తీయకముందు. సాయంత్రం వణుకుతో జ్వరం మొదలైంది, మూత్రం తగ్గింది, కిడ్నీ పెట్టిన పొత్తికడుపు కుడి వైపు బరువుగా అనిపించింది తప్ప పెద్ద నొప్పి లేదు, మంట అసలే లేదు. కొత్త కిడ్నీకి నరాల సంబంధం తెగి ఉంటుంది కనుక నొప్పి సరిగా తెలియకపోవచ్చనీ, మనం వాడే స్టెరాయిడ్ వల్ల జ్వరం కూడా అణగి ఉండవచ్చనీ ఆస్పత్రిలో వివరించారు. అందుచేత కొద్దిపాటి జ్వరాన్ని కూడా, ముఖ్యంగా చలితోనో వాంతులతోనో వస్తే, తెల్లవారే వరకు చూద్దామని వదలకూడదు. వాంతి అయితే కిడ్నీని కాపాడే మాత్రలు కడుపులో నిలవవు, అది ఇన్ఫెక్షన్‌తో సమానమైన ప్రమాదం.

అటువంటప్పుడు చెన్నై వరకు ప్రయాణం పెట్టుకోకుండా ముందు ఒంగోలులోనో నెల్లూరులోనో పెద్ద ఆస్పత్రికి వెళ్లి, మొదటి యాంటీబయాటిక్ పడకముందే మూత్రం, రక్తం కల్చర్‌కు ఇవ్వాలి. మందు పడిన తరువాత ఇచ్చిన నమూనాలో క్రిమి దొరకకపోవచ్చు. శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలి, మధ్య ధారను పట్టాలి. డబ్బా రెండు గంటల్లోగా ల్యాబుకు చేరాలి, లేదా ఫ్రిజ్‌లో ఉండాలి. మన ఎండల్లో స్కూటరు డిక్కీలో పెట్టి తీసుకెళ్లిన నమూనాలో బ్యాక్టీరియా పెరిగిపోతుంది కాబట్టి ఆ ఫలితాన్ని నమ్మలేం.

ఇంజెక్షన్ వేసే డాక్టరుకు ముందుగా మార్పిడి సంగతీ, శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ సంగతీ చెప్పండి. జ్వరం, మంట అనగానే కొందరు వెంటనే ఇచ్చే అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కిడ్నీని దెబ్బతీయగలదు, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలూ అంతే. యాంటీబయాటిక్‌లలో క్లారిత్రోమైసిన్ రక్తంలో టాక్రోలిమస్‌ను పెంచుతుంది, రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. చెన్నై డాక్టరుతో ఒక్క మాట ఫోనులో మాట్లాడించడం మేలు. ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం మందు మార్చుకుంటూ పోవడం కన్నా, మూత్రం పూర్తిగా బయటికి పోతోందా, వెనక్కి కిడ్నీలోకి ఎక్కుతోందా, రాయి ఉందా, ప్రోస్టేట్ పెరిగిందా, షుగరు అదుపులో ఉందా అని చూపించుకోవాలి.

బార్లీ నీళ్లు, పల్లేరు కషాయం గురించి కూడా అడిగారు. డాక్టరు నీటికి పరిమితి పెట్టకపోతే బార్లీ నీళ్లు తాగవచ్చు, కాని అవి బ్యాక్టీరియాను పోగొట్టవు. కషాయాలు టాక్రోలిమస్‌తో కలిస్తే ఏమవుతుందో ఇచ్చేవారు చెప్పలేరు కనుక, నేనైతే వాటి జోలికి పోను.