మేనల్లుడికి, ఆ కార్డుల విషయమై

ఒరేయ్ నాన్నా,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి అరగంట సేపు నీ మీద చాడీలు చెప్పాడు. ఇరవై ఏళ్ల కిందటి అట్టముక్కలు ఎవరెవరి దగ్గరో వెతికి కొంటున్నావట. పర్‌ప్లెక్స్ సిటీ అనే ఆటలోని పజిల్ కార్డులు 256 పోగేసి కూతురితో కూర్చుని విప్పుతావట. ఈస్టర్ సెలవుల్లో దాన్ని అడవికి కూడా తీసుకెళ్తావట. "నువ్వైనా చెప్పక్కా వాడికి" అన్నాడు. సరే చెబుతాలే అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. మన ఇంట్లో ఈ పిచ్చి నాతోనే ఆగిపోయిందనుకున్నా.

ఆ ఆట నడిచిన రోజుల్లో మేము ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉన్నాం. 2005లో మొదలుపెట్టారు. పర్‌ప్లెక్స్ సిటీ అనే ఊళ్లో రెసీడా క్యూబ్ అనే వస్తువు దొంగలపాలై మన భూమ్మీద ఎక్కడో పాతిపెట్టబడిందని కథ. వెతికి తెచ్చినవాళ్లకి లక్ష పౌండ్లు. అప్పట్లో ఆ డబ్బుకి మా వీధిలో ఒక చిన్న ఇల్లు వచ్చేదని మీ మామయ్య లెక్కగట్టేవారు. మా వాడికి పదకొండేళ్లు. పాకెట్ మనీ మొత్తం ఆ కార్డుల ప్యాకెట్లకే. ఒక్కో దాంట్లో ఆరు కార్డులు, ఎప్పుడూ ఉన్నవే మళ్లీ వచ్చేవి. స్కూల్లో మార్చుకునేవాడు.

కొనేటప్పుడు రెండు వైపులా ఫోటో అడుగు. వెనకవైపులన్నీ పేరిస్తే ఆ ఊరి మ్యాప్ వస్తుంది కాబట్టి మడతపడ్డవి తీసుకోకు. ఎర్ర అంచువి తేలిక, వెండివి కష్టం. పిల్లతో ఎర్రవాటి నుంచే మొదలుపెట్టు. నెలకింత అని డబ్బు పక్కన పెట్టుకో, అది దాటావంటే మీ ఆవిడతో నేనే మాట్లాడతాను. వెండి వాటిలో ఒకటి రీమన్ పరికల్పన అనే గణిత ప్రతిపాదనని నిరూపించమంటుంది. 1859 నుంచీ ప్రపంచంలో ఎవరి వల్లా కాలేదు. నీ వల్ల అయితే ముందు నాకు ఫోన్ చెయ్, తర్వాతే పేపరోళ్లకి.

ఇక అసలు సంగతి. మీ మామయ్యకి తప్ప ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ప్రతి కార్డు మీదా లాటరీ టికెట్‌కి ఉన్నట్టు ఒక వెండి పూత ఉంటుంది. గీకితే కింద కోడ్. ఆ కోడ్, జవాబు రెండూ కంప్యూటర్‌లో కొడితే మన పేరు మీద పాయింట్లు పడేవి. మా వాడికి ఒక ఊదా రంగు కార్డు దొరికింది. ఏదో సంకేత లిపి. మూడు వారాలు దాంతోనే కుస్తీ. గళ్ల పుస్తకం నిండా అక్షరాలు రాయడం, కొట్టెయ్యడం, మళ్లీ రాయడం. జవాబు దొరికాకే గీకుతానని ఆ వెండి పూత మీద గోరు కూడా పడనిచ్చేవాడు కాదు.

అప్పుడు నాది ఆసుపత్రి ఫార్మసీలో ఉద్యోగం. ఒక రాత్రి డ్యూటీ దిగొచ్చేసరికి ఆ పుస్తకం భోజనాల బల్ల మీద తెరిచే ఉంది. టీ తాగుతూ చూశాను. ఏడో వరసలో వాడు ఒక అక్షరం తప్పు లెక్కపెట్టాడు, అంతే. అది సరిచేస్తే మిగతాదంతా ఇరవై నిమిషాల్లో జారిపోయింది. నాకు ఆగలేదురా. పది పెన్నీల బిళ్ల తీసుకుని గీకేశాను. బల్ల మీది ప్లాస్టిక్ గుడ్డ మీద బూడిదరంగు పొట్టు రాలింది, ఊదేశాను. వాడి పేరు మీదే జవాబు కొట్టాను. పొద్దున్నే పాయింట్లు చూసి ఎగిరి గంతేస్తాడనుకున్నా.

వాడు లేచి కార్డు చేతిలోకి తీసుకున్నాడు. గీకినచోట బొటనవేలితో రెండుసార్లు తడిమాడు. "థాంక్స్ అమ్మా" అన్నాడు. పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ వేసుకుని తిని స్కూలుకి వెళ్లిపోయాడు. ఏడ్చి గోల చేసినా బాగుండేది. ఆ తర్వాత కార్డుల డబ్బా తెరవలేదు. పరీక్షలొచ్చాయి, క్రికెట్ వచ్చింది, పెద్దవాడవుతున్నాడులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మీ తాతయ్య పొడుపుకథ వేస్తే నీకు గుర్తుందా? "అమ్మ అంటే కలుస్తాయి, నాన్న అంటే కలవవు, ఏమిటవి?" అని అడిగి పొలానికి వెళ్లిపోయేవారు. సాయంత్రం దాకా నా పెదవుల్ని నేనే తడుముకుంటూ తిరిగాను గానీ విడుపు తట్టలేదు. "ఓడిపోయాను" అని మనం అనందే చెప్పేవారు కాదు. ఆయన కడుపున పుట్టి నేను చేసిన పని అది! పిల్ల తప్పు లెక్కపెడితే నోరు మూసుకుని కూర్చో. కూర్చోలేకపోతే లేచి వెళ్లి అంట్లు తోము.

క్యూబ్‌ని 2007 ఫిబ్రవరిలో నార్తాంప్టన్‌షైర్‌లోని వేకర్లీ అడవిలో తవ్వి తీశారు. మా ఇంటి నుంచి కారులో గంట కూడా పట్టదు. ఆ వార్త వాడికి చెప్పాను. "అవునా" అన్నాడు.

నువ్వు వెళ్లేది అక్కడికేగా. వెళ్లు, కానీ పగలే వెళ్లు. పిల్లకి బూట్లు, దళసరి కోటు వెయ్యి, నాలుగింటికల్లా బయటికి వచ్చెయ్. తవ్వడం గివ్వడం వద్దు, అక్కడిప్పుడు ఏమీ లేదు. అమెరికాలో ఫెన్ అనే ఆయన దాచిన నిధి పెట్టె కోసం రాకీ పర్వతాలకి వెళ్లి ఎంతమంది ప్రాణాలు పోగొట్టుకున్నారో చదివాక నాకు అడవి, నిధి అన్న మాటలు కలిపి వింటేనే గుండె దడ.

ఇంకో భయం కూడా ఉంది, నవ్వకు. చివరి కార్డు, 256వది. ఒక జపాన్ మనిషి ఫోటో, నన్ను కనిపెట్టు అని జపనీస్‌లో రెండు ముక్కలు. ఫోటోలో అతని వెనక కనిపించే ఊరు ఫ్రాన్స్‌లోని కైజెర్స్‌బర్గ్ అని తేలింది గానీ, సతోషి అన్న పేరు తప్ప మనిషి జాడ పద్నాలుగేళ్లు దొరకలేదు. 2020 చివర్లో ఒకతను ముఖాల్ని పోల్చి వెతికే సైట్‌లో ఆ ఫోటో వేస్తే దొరికేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకైతే వెన్ను జలదరించింది. కార్డులు పట్టుకున్న పిల్ల ఫోటో నువ్వు ఎక్కడా పెట్టకు. నాకు పంపు, చాలు.

మా డబ్బా నీకు కొరియర్ చేస్తున్నాను. డెబ్భై పైచిలుకు ఉంటాయి. మా వాడిని అడిగితే "ఇచ్చెయ్ అమ్మా" అన్నాడు. కాసేపాగి "ఆ ఊదా కార్డు మాత్రం ఉంచు" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు, తీసి పక్కన పెట్టాను. డబ్బా అడుగున విప్పని ప్యాకెట్లు రెండున్నాయి, ఆ పొద్దుటికి ముందు వాడు కొన్నవే. వాటిని పిల్ల చేతికే ఇవ్వు, నువ్వు విప్పకు.

మీ అత్తయ్య