గోలో కుబెర్నెటీస్ యామల్ చదివితే పేరు, పోర్టు ఎందుకు ఖాళీగా వస్తాయి?

కుబెర్నెటీస్ (కంటైనర్లను చాలా మెషీన్ల మీద నడిపే వ్యవస్థ) డిప్లాయ్‌మెంట్ ఫైలును, అంటే ఏ యాప్‌ని ఎన్ని కాపీలు నడపాలో చెప్పే యామల్ ఫైలును, గో భాషలో మామూలు యామల్ లైబ్రరీతో స్ట్రక్టులోకి (ఫీల్డుల మూసలోకి) చదివితే రెప్లికాలు, ఇమేజ్ వస్తున్నాయి, పేరు, పోర్టు మాత్రం ఖాళీ, ఎర్రర్ కూడా లేదు అంటున్నారు. రుషికొండ ఆఫీసులో చేరిన కొత్తలో నాకూ సరిగ్గా ఇదే జరిగింది, రెండు రోజులు పోయాయి.

కుబెర్నెటీస్ స్ట్రక్టులకు ఉన్నవి జేసన్ ట్యాగులే, అంటే ప్రతి ఫీల్డుకు ఫైల్లో ఉండే పేరేంటో చెప్పే గుర్తులు. యామల్ లైబ్రరీ వాటిని పట్టించుకోదు, ఫీల్డు పేరును మొత్తం చిన్న అక్షరాల్లోకి మార్చి ఫైల్లో వెతుకుతుంది. ఇమేజ్, రెప్లికాస్ ఫైల్లో ఎలాగూ చిన్న అక్షరాలే కాబట్టి దొరికేస్తాయి, కంటైనర్‌పోర్ట్‌లో మధ్యన పెద్ద 'పి' ఉంది కాబట్టి దొరకదు. డిప్లాయ్‌మెంట్ పేరు ఉండేది మెటాడేటా కింద, దానికి స్ట్రక్టులో ఉన్న పేరు ఆబ్జెక్ట్‌మెటా, అందుకే మీకు పేరు ఖాళీ.

కుబెర్నెటీస్ వాళ్ల గో లైబ్రరీ క్లయింట్-గోలో స్కీమ్ (తెలిసిన టైపుల పట్టిక) ప్యాకేజీ ఉంది, అందులో కోడెక్స్ ఉంది, దాన్నుంచి యూనివర్సల్‌డీసీరియలైజర్ తీసుకుని డీకోడ్ పిలవండి. అది యామల్‌ని ముందు జేసన్‌గా మార్చి, ఏపీఐవెర్షన్, కైండ్ చూసి సరైన టైపు ఆబ్జెక్టు ఇస్తుంది, మీరు టైప్ స్విచ్ (వచ్చిన టైపును బట్టి కేసు ఎంచుకునేది) పెట్టుకుంటే చాలు.

కానీ అక్కడితో ఆగకండి, స్ట్రిక్ట్ మోడ్ తప్పకుండా పెట్టండి. మా టూల్ ఫైలును ఇలాగే చదివి ఆ ఆబ్జెక్టును నేరుగా క్లస్టర్‌కి పంపేది. ఒక ఫైల్లో మెమరీ లిమిట్ రాసే 'రిసోర్సెస్' ఫీల్డు బదులు చివరి ఎస్ లేకుండా 'రిసోర్స్' అని పడింది. స్ట్రక్టులో అలాంటి ఫీల్డు లేదు కాబట్టి డీకోడర్ నిశ్శబ్దంగా వదిలేసింది, ఇక సర్వర్ దాకా వెళ్లిన ఆబ్జెక్టులో ఆ తప్పు ఆనవాలే లేదు, సర్వర్ మాత్రం ఏం పట్టుకుంటుంది? మెమరీ లిమిట్ లేని ఆ పాడ్ (నడుస్తున్న ఒక కాపీ) నోడ్‌లో, అంటే అది నడిచే మెషీన్‌లో, మెమరీ మొత్తాన్ని తినేసి పక్క పాడ్లను బయటికి తోసేసింది. గాజువాక వెళ్లే బస్సులో మద్దిలపాలెం దాకా వచ్చాక ఫోన్, అక్కడే దిగి ల్యాప్‌టాప్ తీశాను, ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు. ఆ రెడీమేడ్ కోడెక్స్ బదులు అదే స్కీమ్‌తో సొంత కోడెక్ ఫ్యాక్టరీ తయారుచేసుకుని, అప్పుడు ఎనేబుల్‌స్ట్రిక్ట్ ఇస్తే తెలియని ఫీల్డు కనబడగానే ఎర్రర్ వస్తుంది. ఒక్క లైను చేర్చడమే పని.

ఒకే ఫైల్లో మూడు గీతలతో విడదీసిన డాక్యుమెంట్లు చాలా ఉంటే డీకోడ్ మొదటిది మాత్రమే చదువుతుంది, మిగతావాటి గురించి చెప్పదు. అలాగని స్ట్రింగ్ స్ప్లిట్‌తో ఆ గీతల దగ్గర కోయకండి, కాన్ఫిగ్‌మ్యాప్‌లో (సెట్టింగులు దాచే ఆబ్జెక్టులో) సర్టిఫికెట్ ఉంటే దాని బిగిన్ లైన్లో గీతలే ఉంటాయి, అది ముక్కలైపోతుంది. కుబెర్నెటీస్ వాళ్లదే ఇంకో లైబ్రరీ ఏపీఐమెషినరీలోని యామల్‌రీడర్ వాడండి, లైను మొదట్లో ఉన్న గీతలనే చూస్తుంది.

కుబెర్నెటీస్‌లో లేని, మీరే చేర్చుకున్న సొంత రిసోర్సులు ఉంటే వాటి టైపులను స్కీమ్‌కి చేర్చాలి, లేదా అన్‌స్ట్రక్చర్డ్‌గా (స్ట్రక్టు లేకుండా మ్యాప్‌లా) చదవాలి.

ఇదంతా చేశాక కూడా టైప్ స్విచ్‌లో డిప్లాయ్‌మెంట్ దొరక్కపోతే ఫైల్ మొదట్లో ఉండే ఏపీఐవెర్షన్ లైను చూడండి. అక్కడ ఎక్స్‌టెన్షన్స్ వి1బీటా1 అని ఉంటే డీకోడ్ అవుతుంది గానీ వచ్చేది వేరే గో టైపు, యాప్స్ వి1 కేసులో పడదు. కుబెర్నెటీస్ 1.16 నుంచి సర్వర్ కూడా ఆ పాతదాన్ని తీసుకోదు, ఫైల్లోనే యాప్స్ వి1కి మార్చేయండి. మార్చేటప్పుడు సెలెక్టర్ (ఏ పాడ్లు తనవో చెప్పే ఫీల్డు) తప్పనిసరిగా రాయాలి, పాతదాంట్లో అది లేకపోయినా నడిచేది.