174 పౌండ్ల లైసెన్సుకు 200 పౌండ్ల అప్పా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాను. వయసు 26. ఇక్కడే ఎమ్మెస్సీ చదివి, ఇప్పుడు స్కిల్డ్ వర్కర్ వీసాపై ఉద్యోగం చేస్తున్నాను. పన్నులు పోను నెలకు 2,300 పౌండ్లు చేతికి వస్తాయి. ఇండియాలో చదువు రుణం, క్రెడిట్ కార్డు బాకీ ఉన్నాయి. ఇద్దరు స్నేహితులతో కలిసి ఒకే ఒప్పందం మీద ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఇంట్లో టీవీ లేదు. ఫోన్లో తెలుగు వార్తా చానళ్ల లైవ్, లాప్‌టాప్‌లో క్రికెట్ చూస్తాం. టీవీ లైసెన్సు (ఇక్కడ టీవీ చూడటానికి ఏటా కట్టే రుసుము) తీసుకోవాలంటూ ఉత్తరం వచ్చింది. టీవీయే లేనప్పుడు లైసెన్సు ఎందుకని స్నేహితులు అంటున్నారు. కట్టక తప్పదంటే 174.50 పౌండ్లు ఇప్పుడు నా దగ్గర లేవు. ఆగస్టులో ఫోను పగిలితే ఒక యాప్‌లో 200 పౌండ్లు అప్పు తీసుకుని నెల తిరిగేసరికి 248 కట్టాను. మళ్లీ అలాగే తీసుకుని లైసెన్సు కట్టేయమంటారా?

జవాబు: వద్దు. ముందు ఈ మాట చెప్పాకే లైసెన్సు సంగతికి వస్తాను. ఆ యాప్ జోలికి మళ్లీ వెళ్లకండి.

మీ స్నేహితులు పొరబడ్డారు. అక్కడి చట్టం చూసేది ఇంట్లో టీవీ పెట్టె ఉందా లేదా అని కాదు, మీరు ఏం చూస్తున్నారని. ఏదైనా చానల్ కార్యక్రమాన్ని అది ప్రసారమవుతున్న సమయంలోనే చూస్తే లైసెన్సు ఉండాలి. ఫోనైనా, లాప్‌టాప్ అయినా, యూట్యూబ్‌లో వచ్చే చానల్ లైవ్ అయినా తేడా లేదు. ఆ చానల్ హైదరాబాద్‌ది కావచ్చు, ఏ భాషదైనా కావచ్చు. బీబీసీ కార్యక్రమాలు చూపించే ఐప్లేయర్ యాప్ విషయంలో నిబంధన ఇంకా గట్టిది. 2016 సెప్టెంబరు నుంచి అందులో పాత కార్యక్రమం చూసినా లైసెన్సు కావాలి. మిగతా చోట్ల, ప్రసారం అయిపోయాక పెట్టిన ఎపిసోడ్లకు, హైలైట్స్‌కు, ఓటీటీలోని సినిమాలకు అక్కర్లేదు. అంటే, రేపు మీ అమ్మగారు ఆరు నెలలు ఉండటానికి వచ్చి, సీరియల్‌ను అది వస్తున్న వేళకే యాప్‌లో చూస్తే లైసెన్సు కావాలి. అదే ఎపిసోడ్‌ను మర్నాడు చూస్తే వద్దు.

మన ఇళ్లలో పోస్టాఫీసుకు వెళ్లి రేడియో లైసెన్సు కట్టిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఇండియాలో ఆ పద్ధతి 1980లలోనే పోయింది కాబట్టి మీ తరానికి ఈ మాట వింతగా అనిపించడం సహజమే.

మీరు నిజంగా ఎంత లైవ్ చూస్తున్నారో ఒకసారి ఆలోచించండి. ఐపీఎల్‌లో రాత్రి 7.30 మ్యాచ్ మొదలయ్యేసరికి లెస్టర్‌లో మధ్యాహ్నం 3 గంటలు. పనిదినాల్లో ఆ వేళకు మీరు ఆఫీసులో ఉంటారు. ఇంటికి వచ్చి చూసేవి హైలైట్సే. వార్తలు కూడా కాసేపటికి అప్‌లోడ్ చేసిన వీడియోలు చూస్తే సరిపోతుంది. అలా ముగ్గురూ లైవ్ పూర్తిగా మానేయగలిగితే, ఐప్లేయర్ జోలికి వెళ్లకపోతే, లైసెన్సు అవసరం లేదని టీవీ లైసెన్సు సంస్థ వెబ్‌సైట్‌లో తెలియజేయండి. కానీ ఆదివారం మ్యాచ్ ముగ్గురూ కూర్చుని చూస్తామంటే కట్టండి. లైవ్ చూస్తూ, చూడటం లేదని రాయడం మాత్రం వద్దు. లైసెన్సు లేకుండా చూడటం అక్కడ నేరం. ఇంగ్లండ్‌లో జరిమానా 1,000 పౌండ్ల దాకా ఉంటుంది, కోర్టు ఖర్చులు దానికి అదనం. తర్వాత స్థిర నివాసానికో, పౌరసత్వానికో దరఖాస్తు చేసేటప్పుడు కోర్టు శిక్షల గురించి అడుగుతారు. చదువుకు ఇంత అప్పు చేసి వెళ్లినవారు అక్కడ ఇలాంటి మరక పెట్టుకోకూడదు.

ఆ ఉత్తరం వచ్చినంత మాత్రాన మీ మీద కేసు పెట్టినట్టు కాదు. కంగారు పడకండి. ఎవరైనా తనిఖీకి వచ్చినా వారెంటు లేకుండా లోపలికి రానివ్వాలన్న నిబంధన లేదు. ఇంకో జాగ్రత్త. టీవీ లైసెన్సు పేరుతో దొంగ మెయిళ్లు చాలా తిరుగుతున్నాయి. మెయిల్‌లోని లింకు నొక్కి డబ్బు కట్టకండి, వెబ్‌సైట్ చిరునామా మీరే టైప్ చేసుకోండి.

ఇక కట్టే సంగతి. ఏడాది మొత్తం ఒకేసారి కట్టాలని మీకు ఎవరు చెప్పారు? 2025 ఏప్రిల్‌లో రుసుము 174.50 పౌండ్లు అయింది. డైరెక్ట్ డెబిట్ (బ్యాంకు ఖాతా నుంచి సొమ్ము దానంతట అదే వెళ్లే ఏర్పాటు) పెట్టుకుంటే మొదటి లైసెన్సు సొమ్మును ఆరు నెలల్లో తీసుకుంటారు, ఆ రుసుము లెక్కన నెలకు సుమారు 29 పౌండ్లు. మీ ముగ్గురిదీ ఒకే అద్దె ఒప్పందం కాబట్టి ఇంటికి ఒక్క లైసెన్సు చాలు. గదికో ఒప్పందం ఉండి ఉంటే ఎవరిది వారే తీసుకోవాల్సి వచ్చేది. మీ వాటా నెలకు 10 పౌండ్లు. ఈ 10 పౌండ్ల కోసం మీరు 200 అప్పు చేయబోయారు!

మీ ప్రశ్నను ఎంచుకున్నది అందుకే. చిన్న అప్పు, నెలలో తీరిపోతుంది అనుకునే యువకుల ఉత్తరాలు నాకు వస్తూనే ఉన్నాయి. ఆగస్టులో మీరు వడ్డీ కింద కట్టిన 48 పౌండ్లను ఒకసారి గుర్తు చేసుకోండి. అక్కడి నియంత్రణ సంస్థ ఇలాంటి అప్పులపై 2015 జనవరి నుంచి రోజుకు 0.8 శాతం అని గరిష్ఠ పరిమితి పెట్టింది. 200 పౌండ్లకు 30 రోజులకు సరిగ్గా 48 అవుతుంది. అంటే మీ దగ్గర చట్టం ఒప్పుకునే ఆఖరి పెన్నీ దాకా వసూలు చేశారు. ఏడాది లైసెన్సు రుసుములో పావు వంతు కంటే ఎక్కువ సొమ్ము అది. క్రెడిట్ కార్డు మీద నగదు తీయడం, స్నేహితుల చీటీని సగానికి పాడుకోవడం కూడా నా దృష్టిలో ఇదే కోవలోకి వస్తాయి.

మీరు పంపిన బ్యాంకు స్టేట్‌మెంటు చూశాను. 28న జీతం పడింది. 29న అద్దె వాటా 650, ఇండియాలోని చదువు రుణం కిస్తీకి 480, ఇంటికి 250. మరుసటి నెల 19 నాటికి ఖాతాలో మిగిలింది 11 పౌండ్ల 40 పెన్నీలు. మళ్లీ జీతం పడేలోగా ఉన్న తొమ్మిది రోజుల్లో పన్ను నొప్పి వస్తే ఏం చేస్తారు? నాన్నగారికి బాగాలేదని ఫోను వస్తే టికెట్టు దేనితో కొంటారు? ఫోను పగిలినందుకే అప్పు చేయాల్సి వచ్చిందంటే మీ దగ్గర అత్యవసర నిధి లేదని అర్థం. లైసెన్సు ఉత్తరం ఆ లోటును మరోసారి బయటపెట్టిందంతే.

మీకు ఈ నిధి ఇతరుల కంటే ఎక్కువ అవసరం. మీ వీసా మీద అక్కడి ప్రభుత్వ సహాయ భృతులు దొరకవు. ఉద్యోగం పోతే యూనివర్సల్ క్రెడిట్ అనే భృతి రాదు. మీ వీసాకు స్పాన్సర్‌గా ఉన్న యజమాని తప్పుకున్నాక కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే ఉంటాయి. జబ్బుపడి సెలవు పెడితే యజమాని చట్టప్రకారం తప్పక ఇవ్వాల్సింది వారానికి 120 పౌండ్ల చుట్టుపక్కలే. ఆ 60 రోజుల్లోనూ అద్దె ఆగదు, ఇండియాలో కిస్తీ ఆగదు. రుణానికి నాన్నగారి ఇల్లు హామీగా ఉందని మీరే రాశారు కదా, ఒక్క కిస్తీ తప్పినా బ్యాంకు ముందు ఫోను చేసేది ఆయనకే.

మీ లెక్క నేను వేశాను. అద్దె, బిల్లులు, సరుకులు, ప్రయాణం, ఫోను, రుణ కిస్తీ కలిపి తప్పనిసరి ఖర్చు 1,660. ఇంటికి పంపే 250ని ఆరు నెలల పాటు 150కి తగ్గించండి. దాచిపెట్టి కాదు, ఎందుకో అమ్మానాన్నలకు వివరంగా చెప్పి. మీరు అప్పు చేసి పంపుతున్నారని తెలిస్తే వాళ్లు ఆ డబ్బు ముట్టుకోరు. అప్పుడు మీ చేతిలో 490 ఉంటాయి. 150 క్రెడిట్ కార్డు బాకీకి, 10 లైసెన్సుకు, 60 సొంత ఖర్చుకు పోగా 270 నిధిలో పడతాయి. ఆరు నెలల్లో 1,620, అంటే దాదాపు ఒక నెల తప్పనిసరి ఖర్చు. గమ్యం మూడు నెలల ఖర్చు, అంటే సుమారు 5,000 పౌండ్లు. అక్కడికి చేరేలోగా ఈ డబ్బును సెలవుల ప్రయాణానికో, కొత్త ఫోనుకో ముట్టుకోకండి.

దీన్ని జీతం ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల పొదుపు ఖాతా తెరిచి, 29న తెల్లవారుజామునే 270 దానంతట అదే వెళ్లేలా ఆదేశం ఇవ్వండి. నెలాఖరున మిగిలింది దాస్తాననుకుంటే ఎప్పటికీ మిగలదు.

షేర్లు, ఇండియాలో ప్లాటు ఇప్పుడు వద్దు. ఆఫీసు పింఛను నుంచి మాత్రం బయటికి రాకండి, యజమాని వాటా పోతుంది. నిధి సగానికి చేరాక ఆదాయ రక్షణ బీమా గురించి మళ్లీ రాయండి.

ఈ వారం చేయాల్సిన పని. ముగ్గురూ కూర్చుని లైవ్ చూస్తారా, మానేస్తారా తేల్చుకోండి. చూసేటట్లయితే డైరెక్ట్ డెబిట్ ఒకరి పేరున పెట్టి, మిగతా ఇద్దరూ వాటా పంపండి. అప్పు యాప్‌లో ఆగస్టు ఖాతా పూర్తిగా మూసేసినట్టు వాళ్ల నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ మెయిల్ చేతికి వచ్చాక యాప్‌ను ఫోన్లోంచి తీసేయండి.