కత్తి ఎవరి చేతిలో ఉంది?

చిరంజీవికి ఆశీస్సులు.

పందొమ్మిదో శతాబ్దంలో రాజ్య విస్తరణను ఎగతాళి చేసిన కార్టూన్ల మీద నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రమపడ్డావు. అయితే మొదటి పేరాలోనే ‘సామ్రాజ్యవాదపు వికృత స్వరూపం’ అని తీర్పు చెప్పేశావు కనుక, ఆ తరువాత వచ్చిన బొమ్మలన్నీ ఆ తీర్పుకు తల ఊపే సాక్షులుగా మిగిలిపోయాయి. ముందు బొమ్మలో ఎవరి చేయి ఏం చేస్తోందో చూసి, చూసినది రాయి.

1805 ఫిబ్రవరిలో ఇంగ్లీషు కార్టూనిస్టు జేమ్స్ గిల్రే వేసిన బొమ్మను ‘పిట్, నెపోలియన్ ప్రపంచాన్ని పంచుకుంటున్నారు’ అన్న ఒక్క వాక్యంతో దాటేశావు. బల్ల మీద పొగలు కక్కుతున్న పుడ్డింగే భూగోళం. ఎడమ పక్క బక్కపలచటి బ్రిటిష్ ప్రధాని పిట్ త్రిశూలం లాంటి ఫోర్కు గుచ్చి అట్లాంటిక్ సముద్రాన్ని కోసుకుంటున్నాడు. కుడి పక్క పొట్టి నెపోలియన్ చేయి అందక, కుర్చీలోంచి పైకి లేచి, యుద్ధంలో వాడే కత్తితోనే యూరప్ ముక్కను తెంచుకుంటున్నాడు. త్రిశూలమనగానే మన పాఠకుడికి శివుడు మెదులుతాడు. అక్కడ అది సముద్రదేవుడి ఆయుధమని చెప్పకపోతే సగం చమత్కారం జారిపోతుంది. సముద్రం మీద నెపోలియన్ నౌకాబలాన్ని బ్రిటన్ ఓడించిన ట్రఫాల్గర్ యుద్ధం ఆ బొమ్మ వచ్చిన ఎనిమిది నెలలకు గాని జరగలేదన్న సంగతి కూడా ఒక మాటలో చెప్పు.

నేనూ తప్పులో కాలేసినవాడినే. 1898 జనవరిలో ‘ల పెతీ జుర్నాల్’ అనే పత్రికలో ఆన్రీ మేయర్ వేసిన బొమ్మలో, చైనా అనే రొట్టె చుట్టూ విక్టోరియా రాణి, జర్మనీ చక్రవర్తి, రష్యా జార్, జపాన్ సమురాయ్, ఫ్రాన్స్‌కు ప్రతీక అయిన మరియాన్ చేరి ఉంటారు. జ్ఞాపకం మీద ఆధారపడి, అయిదుగురూ కోసుకుంటున్నారని రాశాను. మరియాన్ చేతిలో కత్తి ఎక్కడుందని అడుగుతూ ఒక పాఠకుడు కార్డు రాశాడు. నిజమే, ఆమె కొయ్యడం లేదు. ఫ్రాన్స్‌కు మిత్రుడైన జార్ పక్కన చేరి చూస్తోంది, అంతే. అప్పటికే వియత్నాం, కంబోడియాలున్న ఇండోచైనాను మింగిన దేశానికి ఆ అమాయకత్వం ఎలా దక్కిందయ్యా అంటే, ఆ పత్రిక ప్యారిస్‌ది.

ఇక 1899 జనవరిలో అమెరికా హాస్యపత్రిక ‘పక్’లో లూయీ డాల్రింపుల్ వేసిన బడి బొమ్మను విస్తరణవాదానికి చెంపపెట్టు అన్నావు. నాకు అలా తోచడం లేదు. బెత్తం పట్టిన అంకుల్ శామ్, అంటే అమెరికాకు ప్రతీక అయిన ముసలాయన, ఎదుట ముందు బెంచీ మీద మొహాలు ముడుచుకున్న నల్లపిల్లలుగా, అమెరికా చేతికి కొత్తగా చిక్కిన ఫిలిప్పీన్స్, హవాయి, ప్యూర్టోరికో, క్యూబాలను కూర్చోబెట్టాడు; వెనక టెక్సాస్, కాలిఫోర్నియా వంటి పాత పిల్లలు బుద్ధిగా చదువుకుంటున్నారు. నల్లజాతి మనిషి కిటికీ తుడుస్తున్నాడు. ఆదివాసి కుర్రవాడు మూలన పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. నవ్వు ఎవరి మీదకు మళ్లుతోందో నీవే చూడు. గడప అవతల నిలబడ్డ చైనా కుర్రవాడి ఊసే నీ వ్యాసంలో లేదు. ఆ భాగాన్ని అతనితో మొదలుపెట్టి, తిరగరాసి పంపు.