ఆరు చక్రాల స్లాట్ కారుకి వెనక రెండు ఇరుసులూ తిప్పాలా, ఒకటి చాలా?

మీరడిగింది ఇదీ: మార్చ్ 2-4-0 అనే ఫార్ములా వన్ రేసు కారు తరహాలో ముందు రెండు, వెనక నాలుగు చక్రాలుండే స్లాట్ కారుని (బల్ల మీద గాడిలో కరెంటుతో పరిగెత్తే బొమ్మ కారుని) 1/32 స్కేల్లో, అంటే అసలు కారులో ముప్పై రెండో వంతు సైజులో, సొంతంగా కడుతున్నారు. మోటారు బలం వెనక రెండు ఇరుసులకీ ఇవ్వాలా, ఒకదానికి ఇస్తే సరిపోతుందా?

చివరి ఇరుసుకి ఒక్కదానికే ఇవ్వండి. మధ్య ఇరుసుని వదులుగా వదిలేయండి. రెండింటికీ ఇచ్చి ఆర్నెల్లు కుస్తీ పట్టినవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది కోనసీమండి, రావులపాలేనికి దగ్గర్లో. చిన్నప్పుడు తాటిబుర్రల బండ్లూ, తెగిపోయిన హవాయి చెప్పుల్ని గుండ్రంగా కోసి చక్రాలు చేసిన బండ్లూ కట్టిన తరం. ఆ పిచ్చి నలభై దాటాక మళ్ళీ ఎక్కింది. మేడ మీద గదిలో రెండు ఎండీఎఫ్ (చెక్క పొడిని అదిమి చేసిన పలక) బల్లలు కలిపి, 3 మి.మీ. గాడి తొలిచి, గాడికి రెండు పక్కలా రాగి టేపు అతికించి, 12 వోల్టుల కరెంటు ఇచ్చాను. స్లాట్ కారు ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం ఒక మాట. ఈ కారుకి స్టీరింగు ఉండదు. ముక్కు కింద గైడ్ అని ఒక చిన్న రెక్క గాడిలోకి దిగుతుంది, దానికిరువైపులా ఉన్న రాగి జాలి టేపుని రాసుకుంటూ మోటారుకి కరెంటు అందిస్తుంది. చేతిలో ఉండేది వేగం మీట ఒక్కటే. మలుపులో ఎక్కువ నొక్కారా, కారు గాడి వదిలేసి మంచం కిందకి పోతుంది.

మామూలు నాలుగు చక్రాల కార్లు రెండు మూడు కట్టాక, ఎవరి దగ్గరా లేనిది కట్టాలని బుద్ధి పుట్టింది. ఆరు చక్రాల రేసు కారు అనగానే అందరికీ టిరెల్ పీ34 గుర్తొస్తుంది. ముందు నాలుగు బుల్లి చక్రాలది. 1976 స్వీడిష్ గ్రాండ్ ప్రిలో జోడీ షెక్టర్ దాంతోనే గెలిచాడు, రెండో స్థానం కూడా పీ34దే. అందుకే దాని బొమ్మలు బోలెడు. మార్చ్ కథ వేరు. వెడల్పాటి వెనక టైర్లే గాలికి పెద్ద అడ్డమని దాన్ని గీసిన ఇంజనీరు రాబిన్ హెర్డ్ ముందు చక్రాల సైజువే నాలుగు వెనక పెట్టి, నాలుగింటినీ ఇంజనుతో తిప్పుదామనుకున్నాడు. 1976 చివర్లో సిల్వర్‌స్టోన్‌లో మొదటి పరీక్షలోనే గేర్‌బాక్సు డొక్క వంగిపోయి గేర్లు ఒకదాన్నొకటి వదిలేశాయి. ఒక ఇరుసు గేర్లు పీకేసి రెండు చక్రాల బలంతో నడిపించి ఆ పూట గట్టెక్కారు. ఒక్క గ్రాండ్ ప్రి పందెం కూడా చెయ్యని ఆ కారు స్కేలెక్స్‌ట్రిక్ కంపెనీ స్లాట్ కారు బొమ్మగా మాత్రం ఇళ్ళల్లో బాగా తిరిగింది. ఈ గేర్ల సంగతి నాకు ముందు తెలిసుంటే ఎంతో బావుండేది. నా కారు విరిగాక తెలిసింది.

నా మొదటి నమూనా ఇలా ఉండేది. వెనక రెండు ఇరుసుల మధ్య ఎడం 20 మి.మీ. మోటారు ఎఫ్ఎఫ్-050 సైజుది, వెడల్పు పదిహేనున్నర మి.మీ. కాబట్టి ఆ రెండిరుసుల మధ్యలో అడ్డంగా కూర్చుంటుంది. మోటారు కొసకి 10 పళ్ళ పినియన్ (చిన్న గేరు), ఒక్కో ఇరుసుకి 30 పళ్ళ గేర్. అన్నీ 0.5 మాడ్యూల్, అంటే పంటి సైజు కొలత. లెక్క వేసి చూడండి: 10, 30 కలిపితే 40, అందులో సగం 20, దాన్ని 0.5తో గుణిస్తే 10 మి.మీ. అంటే పినియన్‌కి అటు పది, ఇటు పది, కచ్చితంగా రెండు ఇరుసులూ దొరుకుతాయి. మధ్యలో ఒకే పినియన్ కాబట్టి రెండు గేర్లూ ఒకే దిక్కుకి తిరుగుతాయి. బెల్టు లేదు, గొలుసు లేదు. కాగితం మీద ఇది చూసుకుని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక జాగ్రత్త: 30 పళ్ళ గేర్ బయటి కొలత 16 మి.మీ. వస్తుంది. టైరుతో కలిపి చక్రం 18 మి.మీ. ఉంటేనే గేరుకీ బల్లకీ మధ్య ఒక మి.మీ. మిగులుతుంది. అంతకన్నా చిన్న చక్రం వేస్తే గేరు రాగి టేపుని గీరుతుంది.

ఛాసిస్‌కి (కారు అడుగు చట్రానికి) ఇత్తడి రేకు తణుకు దగ్గర అజ్జరం నుంచి తెచ్చాను. బిందెలూ గంగాళాలూ చేసే ఊరు కదా, కోతల్లో మిగిలిన ముక్కలు తూకానికి ఇచ్చారు. అక్కడే తప్పు చేశాను. బరువు తగ్గుతుందని 0.5 మి.మీ. రేకు ఏరుకున్నాను. ఇంట్లో ఉన్న 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో ఇత్తడి అతకదు, రేకు వేడినంతా తాగేస్తుంది. 60 వాట్లది కొన్నాకే టంకం పారింది. ఇరుసులకి సైకిల్ పుల్లలు వాడాను, అవీ సరిగ్గా 2 మి.మీ. ఉంటాయి కదా అని. కంటికి తిన్నగానే కనిపిస్తాయి గానీ మోటారుకి తగిలించి తిప్పితే కారు జొరమొచ్చినట్టు వణికింది. ఇరుసు దగ్గర పిసినారితనం వద్దు, ఆన్‌లైన్‌లో 2 మి.మీ. స్టీలు ఊచ తెప్పించుకోండి.

చక్రాల అల్యూమినియం హబ్బులు లేత్ పనాయన తీసిచ్చాడు. బోరు మోటార్ల షాఫ్టులు తీసే చెయ్యి. "ఆరు చక్రాలెందుకండీ, ధాన్యం ఎత్తుతారా?" అని వెటకారమాడాడు గానీ ఆరూ ఒకే కొలతకి దించాడు. టైర్లు మాత్రం నా చిన్ననాటి విద్యే, హవాయి చెప్పు స్పాంజి. హబ్బుకి అతికించి, మోటారు తిరుగుతుండగా కింద ఉప్పు కాగితం పెడితే గుండ్రంగా అరుగుతుంది. పట్టు బ్రహ్మాండంగా ఉంటుంది. పొట్టు రాలుతుంది, అదొక్కటే బాధ. బాడీ జీలుగు బెండుతో చెక్కాను. పిల్లలు ఈత నేర్చుకునేటప్పుడు నడుముకి కట్టుకునే బెండే. బ్లేడుతో తెగుతుంది, బరువు ఉండదు. పైన జిగురుతో పల్చటి కాగితం రెండు పొరలు వేసి రంగు కొడితే బెండని ఎవరూ పోల్చుకోలేరు. స్లాట్ కారుకి పైబరువు పనికిరాదు కాబట్టి ఇది ప్లాస్టిక్ కన్నా నయమని నా నమ్మకం.

ఇక పరుగు. తిన్నటి దారిలో రివ్వున పోయింది. మలుపు రాగానే ఎవరో వెనక నుంచి లాగినట్టు నీరసించిపోయింది, మోటారు కాలే వాసన. ఇంకొంచెం బలం పెడితే వెనక నాలుగు చక్రాలూ ఒక్కసారి కుప్పిగంతు వేసి గైడ్ గాడిలోంచి లేచిపోయేది. టైర్లు మార్చాను, ముక్కులో సీసం ముక్కలు పెట్టాను, వోల్టేజీ తగ్గించాను. మూడో వారం మలుపులో కటకటమని చప్పుడు. పల్చటి రేకు వంగి పినియన్ చివరి గేరుని వదిలేస్తోంది. పళ్ళు సగం అరిగిపోయాయి.

జబ్బేమిటో పట్టుకున్నది నేను కాదు, మా బాబాయి. రావులపాలెం అరటి మార్కెట్టు నుంచి గెలలు ఎత్తే లారీ ముప్పై ఏళ్ళు తోలాడు. కారు చేతిలోకి తీసుకుని చక్రాలు రెండుసార్లు తిప్పి, "ఒరే, వెనక రెండిరుసులు ఒకే మలుపు తిరగవురా. ఒకటి తిరుగుతుంటే రెండోది అడ్డంగా ఈడ్చుకుంటుంది. కాలవ గట్టు మీద లారీని తిప్పాక వెనక టైర్ల కింద మట్టి ఎలా గోకేసుంటుందో చూళ్ళేదా? అందుకే ఖాళీ బండికి ఒక ఇరుసు పైకెత్తేస్తాం" అన్నాడు.

ఆ రాత్రి లెక్క వేశాను. నా బల్ల మీద బిగువు మలుపు వ్యాసార్ధం 25 సెం.మీ. ఇరుసుల ఎడం 2 సెం.మీ., అందులో సగం 1 సెం.మీ. ఒకటిని ఇరవై అయిదుతో భాగిస్తే కోణం దాదాపు 2.3 డిగ్రీలు. అంటే ఒక్కో ఇరుసు చక్రాలూ తాము దొర్లాల్సిన దిక్కుకి రెండు డిగ్రీల పైచిలుకు అడ్డంగా రాసుకుపోతున్నాయి, రెండూ ఎదురెదురు దిక్కులకి. చెప్పు స్పాంజి పట్టు ఎంత మంచిదైతే అంత పెద్ద బ్రేకన్నమాట. ఇంకో సంగతి. 25 సెం.మీ.ని 32తో హెచ్చిస్తే 8 మీటర్లు. అసలు కారు అలాంటి మలుపు రేసులో ఎన్నడూ తిరగదు. అది సిల్వర్‌స్టోన్ కాదు, మా ఊరి రామాలయం మూల. అసలు కారుకి 50 మీటర్ల మలుపులో ఈ కోణం అర డిగ్రీ కూడా రాదు. బ్రిటన్ కొండ దారి పందాల్లో 1979లో రాయ్ లేన్ అనే డ్రైవరు ఈ నాలుగు చక్రాల వెనక భాగాన్నే తగిలించుకుని గెలుపులు కూడా చూశాడు. ఊహ చెడ్డది కాదు, బల్ల మీద మలుపులు మరీ బిగువు, అంతే.

మొదట చివరి గేరు తీసేసి మధ్య ఇరుసుతో నడిపాను. కారు వంకర తిరిగిపోయింది. ఎందుకంటే మోటారు బరువంతా తిరిగే ఇరుసుకి వెనక పడింది. మీట నొక్కగానే ముక్కు లేచి జాలి టేపుని వదిలేస్తుంది, మలుపులో తోక బయటికి విసురుతుంది. మర్నాడు గేరు ఆ ఇరుసులోంచి తీసి చివరిదానికి పెట్టాను. మోటారు ముందుకొచ్చినట్టయింది, కారు కుదురుకుంది. చిన్న మార్పే, కానీ కారు స్వభావమే వేరైపోయింది.

అయినా అక్కడక్కడ తడబాటు. అసలు కిటుకు ఇప్పుడు చెబుతున్నాను, మిగతాది మర్చిపోయినా ఇది మర్చిపోకండి. స్లాట్ కారు ముక్కాలి పీట. గైడ్ ఒక కాలు, తిరిగే రెండు చక్రాలు రెండు కాళ్ళు. ముక్కాలి పీట ఎలాంటి నేల మీదైనా ఊగదు. మీరు ఇంకో నాలుగు చక్రాలు గట్టిగా బిగించారంటే ఏ ఒక్కటి వెంట్రుకవాసి కిందికున్నా తిరిగే చక్రాన్నో గైడ్‌నో నేల నుంచి లేపేస్తుంది. అందుకని మధ్య ఇరుసు కూర్చునే రంధ్రాల్ని సన్న ఆకురాయితో నిలువుగా సాగదీసి, ఇరుసు ఒక మి.మీ. పైకీ కిందికీ ఆడేలా చేశాను. చక్రాలు నేలకి ఆనతాయి, దొర్లుతాయి, చూసేవాడికి ఆరూ పని చేస్తున్నట్టే ఉంటుంది. వాటి మీద పడేది వాటి సొంత బరువే. వాటికి స్పాంజి తీసేసి గట్టి ప్లాస్టిక్ గొట్టం ముక్కలు తొడిగాను, అడ్డంగా జారినా రాసుకోకుండా. ఒక పక్క చక్రాన్ని ఇరుసుకి బిగించి, రెండో పక్కది ఇరుసు మీద వదులుగా తిరగనిచ్చాను, మలుపులో లోపలి చక్రం బయటి చక్రం వేరే వేగంతో పోవాలి కదా. ముందు చక్రాలకీ ఇదే వైద్యం.

ఛాసిస్ ఈసారి 1.2 మి.మీ. రేకుతో కట్టాను. వంగడం ఆగింది, అడుగున బరువు కూడా దిగింది. రెండు వెనక ఇరుసులూ సమాంతరంగా రావడానికి లేత్ ఆయన చేతే టేకు చెక్కలో నాలుగు కన్నాలు వేయించి, ఇరుసు తిరిగే ఇత్తడి బుష్షుల్ని అందులో నిలబెట్టి టంకం పెట్టాను. కంటి లెక్కతో మాత్రం చెయ్యొద్దు.

ఫలితం చెప్పాలంటే, రెండిరుసులు తిప్పినప్పుడు మా బల్ల మీద ఒక చుట్టు 7 సెకన్ల దగ్గర ఉండేది, ఇప్పుడు 6 సెకన్ల పైచిలుకు. నా మంచి నాలుగు చక్రాల కారు దీన్ని ఇప్పటికీ ఓడిస్తుంది. గెలవడానికే అయితే ఆరు చక్రాలు కట్టకండి. బల్ల దగ్గర కూర్చున్న పిల్లలు మాత్రం వేరే కారు వంక చూడరు.

మీరూ గోదారి జిల్లాల్లోనే ఉన్నానన్నారు కాబట్టి ఇంకో రెండు మాటలు. వానాకాలంలో ఎండీఎఫ్ ఉబ్బుతుంది. మొదటి ఏడు శ్రావణంలో నా గాడి ఇరుకైపోయి గైడ్ ఇరుక్కునేది. గాడి లోపల కూడా వార్నిష్ పట్టించండి, పైన మాత్రమే కాదు. రాగి టేపుకి సముద్రపు గాలి పడదు. నేను తెలివి ఉపయోగించి రాగి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి తోమాను. ఆ పూటకి తళతళలాడింది, వారం తిరక్కుండా ఇంకా పచ్చగా చిలుము పట్టింది. మా ఆవిడ నవ్వు ఇంకా ఆగలేదు. కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఒత్తండి చాలు.

గైడ్ నుంచి మోటారుకి పోయే తీగలు సన్నటి మెత్తటివి వాడండి, అంగుళం వదులు ఉంచండి. బిగువుగా ఉంటే గైడ్ తనంతట తాను తిన్నగా తిరిగిపోయి మలుపులో గాడి వదిలేస్తుంది. ఆరు చక్రాల్నీ అనుమానించి నేను వారం రోజులు వెతికిన ఒక తప్పు చివరికి ఈ తీగ దగ్గర తేలింది.